కుడి చెయ్యి లేపిన రోజు

పోయిన ఆదివారం బర్ దుబాయ్‌లో పద్నాలుగు మందిని ఎక్కించుకొని ఖోర్ ఫక్కాన్ బయలుదేరాను. కొండల మధ్య రోడ్డెక్కామో లేదో, వెనక సీట్లో ఎవరో ఫోన్‌లో వీడియో పెట్టారు.

"మా అమ్మ నన్ను తెలుగులనే తిట్టింది. నాయిన ఉర్దూల కొట్టిండు. గంతే."

వ్యానంతా పగలబడి నవ్వింది. మళ్లీ పెట్టమన్నారు, మళ్లీ నవ్వారు. నాకు మాత్రం ఏసీలో కూడా చెమట పట్టింది. ఆ గొంతు మూగబోయి ఏడాది దాటింది.

"డ్రైవర్ గారూ, ఇది మనం వెళ్లే చోటేనంట కదా! ఈయన్ని చూపిస్తారా?" అని అడిగిందొకావిడ. కాకినాడలో టీచరుగా చేసి రిటైరై, కూతురింటికి వచ్చిందట.

"ఆయన లేరమ్మా" అన్నాను.

"సెలవులో ఉన్నారా?"

"చనిపోయినాడు."

వీడియో ఆగిపోయింది. తర్వాత ఎవరో ఇంకో వీడియో పెట్టారు. ఆ మొదటి వీడియో తీసింది నేనేనని, దానివల్లే ఆ మనిషి ఉన్న చోటు పోగొట్టుకున్నాడని వాళ్లకు చెప్పలేదు. చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు.

మాది రాయచోటి. పదహారేళ్లుగా ఇక్కడ బండి తోలుతున్నాను. ఆదివారాలు మనవాళ్లను పోగేసి తూర్పు తీరం చూపించి తీసుకురావడం నా సొంత ఏర్పాటు. ఖోర్ ఫక్కాన్‌లో బీచి, చేపల మార్కెట్టు, ఆ తర్వాత గుట్ట మీద పాత బురుజు. బురుజు దగ్గర ఇరవై నిమిషాలకు మించి ఎవరూ ఉండరని నా లెక్క. కరోనా తగ్గి మళ్లీ తలుపులు తెరిచిన కొత్తలో ఒక గుంపును తీసుకుపోయాను. గేటు దగ్గర సెక్యూరిటీ కంపెనీ యూనిఫాంలో ఒక ఆజానుబాహువు నిలబడి ఉన్నాడు. నల్లని మనిషి, నెరిసిన రింగుల జుట్టు. ఎండ మండిపోతున్నా చొక్కా మెడ బొత్తాం దాకా పెట్టుకున్నాడు.

నేను మనవాళ్లతో తెలుగులో, "ఈ ఆఫ్రికా ఆయన్ని దాటుకోని రాండి, టిక్కెట్టని అడిగితే ఇయ్యొద్దండి, ఉత్తదే" అన్నాను.

ఆయన కదలకుండా సముద్రం వైపే చూస్తూ, "టిక్కెట్ లేదు గని, మెట్లు జారుతయి. అమ్మల చెయ్యి పట్టుకోండ్రి" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మెట్లెక్కేటప్పుడు ఆయన పక్కనుంచి పోవాల్సి వస్తే చెప్పుల వంక చూసుకుంటూ పోయాను.

ఆయన హైదరాబాదీ సిద్దీ. నిజాం కొలువులో గుర్రపు దళం కోసం ఆఫ్రికా తీరం నుంచి తెచ్చిన సిపాయిల మునిమనవడు. తల్లిది మెదక్ వైపు పల్లె. నేను చాచా అనేవాణ్ని. ఆయన నన్ను పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు, "డ్రైవర్ సాబ్" అనేవాడు. ఆ "సాబ్"లో ఎంత గౌరవం ఉందో ఎంత వెటకారం ఉందో నాకు చివరిదాకా తేలలేదు. "హైదరాబాద్‌ల బస్సెక్కితె ఏ దేశం అని అడుగుతరు. ఈడ హైదరాబాద్ అంటె నవ్వుతరు" అనేవాడు. కోపంగా అనేవాడు కాదు. ఎండగా ఉందన్నట్టు అనేవాడు.

ఇంటి సంగతి అడిగితే నాలుగు మాటల్లో తేల్చేసేవాడు. "ముత్తాత గుర్రం ఎక్కిండు. తాత నవాబు గేటు కాడ నిలబడ్డడు. నాయిన పెండ్లిళ్లల్ల మర్ఫా డప్పు కొట్టిండు. నేను ఇగో, మళ్ల గేటు కాడ." చెప్పేసి ఎడమ కాలితో నేల మీద డప్పు దరువు వేసేవాడు, రెండు దెబ్బలు, అంతే.

ఆయన పని గేటు కాపలా. బురుజు గురించి చెప్పమని ఎవరూ పెట్టలేదు. కానీ మనవాళ్లయినా, మలయాళీలయినా, తెల్లవాళ్లయినా పైకి రాగానే ఆయన గోడ దగ్గర వరసగా నిలబెట్టేవాడు. ఎత్తును బట్టి నిలబెట్టేవాడు. పొడుగువాళ్లు ఈ చివర, పొట్టివాళ్లు ఆ చివర. అందరి ముఖాలూ సముద్రం వైపు. తర్వాత ఫ్లాస్కులోంచి సులేమానీ చాయ్ గ్లాసులో పోసుకొని, "నేను ఇది తాగేదాంక ఎవ్వరు మాట్లాడొద్దు, కదలొద్దు" అనేవాడు. పాలులేని ఆ నల్ల చాయ్‌ని ఎంత నింపాదిగా తాగేవాడంటే, సగంలోనే ఎవరో ఒకరు గొణిగేవారు, ఎవరో ఒకరు ఫోన్ తీసేవారు. ఆయన్ని చూసి నవ్వేవాళ్లు కొందరు.

"నన్నేం చూస్తవ్ బిడ్డా? సముద్రం దిక్కు చూడు" అనేవాడు. ఈ మాట నేను కనీసం వందసార్లు విన్నాను.

గ్లాసు ఖాళీ అయ్యాక అడిగేవాడు: "కాళ్లు గుంజుతున్నయా? ఈడ నిలబడ్డోళ్లు పొద్దటి సంది మాపటి దాంక నిలబడిండ్రు. ఓడ కనబడితె ఊరికి చెప్పాలె. చెప్పినంక పారిపోవద్దు. గది వాళ్ల పని."

అప్పుడు మొదలుపెట్టేవాడు. పోర్చుగీసు ఓడలు వచ్చిన సంగతి, ఊరు తలవంచనందుకు ఇళ్లు తగలబెట్టిన సంగతి, పట్టుబడినవాళ్ల ముక్కులూ చెవులూ కోసిన సంగతి. ఇవి చెబుతున్నంతసేపూ కుడి చెయ్యి భుజం ఎత్తున లేచి ఉండేది. ఆ చెయ్యి దించి ఎడమ చెయ్యి లేపేవాడు. "గా తర్వాత ఎందరో వచ్చిండ్రు, ఎన్నో కొట్లాటలైనయి. ఈ బురుజు మీద తుపాకి పట్టి నిలబడ్డోళ్లల్ల నల్లోళ్లు ఉండిండ్రు. ఆఫ్రికా ఒడ్డు నుంచి ఓడలల్ల తెచ్చి అమ్మిండ్రు కొందర్ని. తెచ్చినప్పుడు బానిస. నిలబడ్డప్పుడు సిపాయి. గీడ రాసిపెట్టిన బోర్డు మీద వాళ్లు లేరు."

ఆ చేతుల సంగతేమిటో నేను ఆరోసారో ఏడోసారో అడిగాను.

"పుస్తకంల ఉన్నది, నా కండ్లతోటి చూసింది, పేరు గల్ల మనిషి చెప్పింది, ఇయి కుడి చెయ్యి. కడమదంత ఎడమ. అందాజ. చూసేటోనికి తెల్వాలె కదా, నేను ఏది ఎర్కుండి చెప్తున్ననో, ఏది ఊహించుకొని చెప్తున్ననో."

"ఎవరికి తెలుస్తుంది చాచా? కుడి చెయ్యే లేపి చెప్పెయ్. నమ్ముతారులే."

ఆయన నా వైపు తిరిగాడు. "నమ్ముతరు. గందుకే లేపొద్దు" అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే, నేను చూసిన మనుషుల్లో అంత నిక్కచ్చి మనిషి ఇంకొకడు లేడు. అప్పుడు మాత్రం చాదస్తం అనుకున్నాను. కరోనా ఏడాది బురుజు మూసేశారు, కాపలా తియ్యలేదు. నెలల తరబడి ఒక్కడే ఉన్నాడక్కడ. "పొద్దున పదింటికి ఒకపారి, మాపున నాలుగింటికి ఒకపారి మొత్తం చెప్తుంటి" అన్నాడు. ఎవరికి అని అడిగాను. "సముద్రానికి. వాళ్లు నిలబడ్డది దాని దిక్కే గదా." చేతులు కూడా లేపేవాడివా అని వేళాకోళం చేశాను. లేపేవాణ్నే అన్నాడు, అందులో అడగడానికి ఏముందన్నట్టు.

ఆ ఎడమ చెయ్యి ఆయన్ని లోపల తినేస్తుండేదని నాకు అర్థమవడానికి రెండేళ్లు పట్టింది. ఒకసారి మా బండిలో వచ్చిన ఒకాయన, పొడుగు చేతుల చొక్కా, చల్లద్దాలు, "రుజువేముంది? మీరు నల్లగా ఉన్నారు కాబట్టి నల్లవాళ్ల కథ చెబుతున్నారు" అన్నాడు. చాచా ఎడమ చెయ్యి దించలేదు. "రుజువు లేదు సార్. గందుకే ఈ చెయ్యి" అన్నాడు. అందరూ దిగిపోయాక ఆ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం అదే మొదటిసారి చూశాను. "ఒక్కడు చాలు డ్రైవర్ సాబ్. పేరు గల్లోడు ఒక్కడు మా తాత ఈడ నిలబడ్డడు అని చెప్తె చాలు. కుడి చెయ్యి లేపి, గా తర్వాత సచ్చినా ఫికర్ లేదు."

ఆ ఒక్కడు వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను.

నవంబరు ఎండ, గాలి హాయిగా ఉంది. మా గుంపు అప్పుడే పైకొచ్చింది. ఒక అమ్మాయి, "అంకుల్, మీకు తెలుగెలా వచ్చు?" అని అడిగితే ఆ తిట్ల మాట చెప్పాడు. నేను అప్పటికే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టి ఉన్నాను. కొత్తగా నాకో పిచ్చి పట్టింది, ట్రిప్పుల వీడియోలు పెట్టి జనాన్ని పోగెయ్యాలని. మనవాళ్లు నవ్వుతుండగా మెట్ల మీదుగా ఒక ముసలాయన కర్ర పట్టుకొని వచ్చాడు. పాదాల దాకా తెల్లని కందూరా, తలకు గుడ్డ. ఈ ఊరివాడే, అరబ్బే, చాచా అంత నల్లని మనిషి. గోడ పక్కన నిలబడి కథంతా విన్నాడు. భాష తెలియకపోయినా విన్నాడు. చాచా ఎడమ చెయ్యి లేవగానే అరబ్బీలో ఏదో అడిగాడు. చాచా చెప్పాడు.

ముసలాయన కర్రతో మూడో మెట్టు చూపించాడు. నాకు వచ్చింది డ్రైవర్ అరబ్బీ, అయినా ఈ మాత్రం అర్థమైంది. వాళ్ల తాత తండ్రిని జంజిబార్ వైపు నుంచి చిన్నప్పుడు తెచ్చారట. ఈ బురుజు మీదే కాపలా కాశాడట. ఒక కొట్లాటలో తొడలో తుపాకి గుండు దిగి కుంటివాడయ్యాడట. కుంటివాడయ్యాక కూడా వచ్చి ఆ మూడో మెట్టు మీద కూర్చొని సముద్రం చూసేవాడట. ఆ మాట తాత చెప్పగా తను విన్నాడట.

చాచా ఆయన పేరు అడిగాడు. ముసలాయన తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఆ కుంటి సిపాయి పేరు వరసగా చెప్పాడు. చాచా ఆ పేర్లు మూడుసార్లు తిరిగి పలికాడు, ఎక్కడా తప్పు పోకుండా. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కుడి చెయ్యి లేపాడు. "ఈ బురుజు మీద నల్ల సిపాయిలు నిలబడిండ్రు" అన్నాడు తెలుగులో, మా వాళ్ల వైపు తిరిగి. ముసలాయన ఆయన భుజం తట్టి, నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను ఫోన్ ఆపాను. మొత్తం పన్నెండు నిమిషాలు.

ఆ పన్నెండు నిమిషాల్లో నేను పెట్టింది నలభై సెకన్లు. తిట్ల మాట దగ్గర కత్తిరించాను. అది నవ్వొస్తుంది కదా! చేతులు ఊపుతుంటే ముఖం సరిగ్గా కనిపించడం లేదని ముఖం మీదకి పెద్దది చేశాను. పైన "అరబ్బు కోటలో తెలుగు మాట్లాడే ఆఫ్రికావాడు" అని రాశాను. హైదరాబాద్ మనిషని తెలిసీ ఆఫ్రికావాడు అని రాశాను, అలా రాస్తే ఎక్కువమంది చూస్తారని. ఫోన్ నిండిపోతే అసలు వీడియో తీసేశాను. తర్వాతి వారం బీచిలో తీసిన వీడియోకు చోటు కావాల్సి వచ్చింది.

ఆ నలభై సెకన్లు ఊరూరా తిరిగాయి. కింద జనం ఏమేం రాశారో ఇక్కడ రాయను, నోటితో అనలేని మాటలు. మరుసటి ఆదివారం నుంచి అజ్మాన్ నుంచి, షార్జా నుంచి కార్లు కట్టుకొని వచ్చారు మనవాళ్లు. గోడ దగ్గర నిలబెడితే నిలబడరు. ఆయన పక్కన చేరి సెల్ఫీలు. "ఏదీ అంకుల్, ఒక బూతు వదులు!" అని ఒకడు. జుట్టు ముట్టుకొని చూసిందొకామె. "సముద్రం దిక్కు చూడుండ్రి" అంటుంటే, ఆ మాటకి కూడా నవ్వారు. నేను దూరంగా మెట్ల దగ్గర ఉన్నాను. దగ్గరికి పోయి వారించలేదు.

నాలుగు వారాలకు కంపెనీ ముదీర్‌కు, అంటే మేనేజరుకు, తెలిసింది. కాపలాదారు కథలు చెప్పడమేమిటి, గైడు కాగితం ఉందా అన్నారు. లేదు. ఆ గురువారమే మార్చేశారు. జెబెల్ అలీలో ఏదో గోదాం గేటు.

రెండు నెలలు పోలేకపోయాను. పోయిన రోజు మధ్యాహ్నం మూడు గంటలు. లారీలు వచ్చిపోయే గేటు, రేకుల గది, దుమ్ము. సముద్రం ఎక్కడో కంటెయినర్ల అవతల ఉంది, కనపడదు. చాచా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. మెడ బొత్తాం ఊడి ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"నేనే పెట్టినా చాచా ఆ వీడియో. తెలీక చేసినా" అన్నాను.

"ఎర్కే" అన్నాడు. ఒక లారీ వస్తే లేచి నంబరు రాసుకొని వచ్చాడు. "పోనియ్ గది. నువ్వు ఒక్కటి చెప్పు. ఆ ముసలాయన మాట ఉన్నదా ఫోన్ల? పేర్లు చెప్పింది? నేను చిట్టీ మీద రాసుకుంటి గని, సామాన్లు కట్టేటప్పుడు యాడనో పడిపోయింది. ఈ నడుమ పేర్లు సుత తప్పుతున్న."

"ఉంది చాచా" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆ బొత్తాం చూశాక లేదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆయన ముఖం విప్పారింది. కుర్చీలోంచే కుడి చెయ్యి లేపాడు, భుజం దాకా. "గంతే. నువ్వు దాన్ని భద్రంగ పెట్టు. నేను మళ్ల బురుజు కాడికి పోతె అడుగుత" అన్నాడు.

తిరుగు దారిలో అబద్ధాన్ని నిజం చేద్దామనుకున్నాను. ఆ ముసలాయన్ని పట్టుకొని మళ్లీ చెప్పిస్తే సరిపోతుంది. మరుసటి ఆదివారం ఖోర్ ఫక్కాన్ చేపల మార్కెట్టులో అడిగాను. "నల్లగా ఉంటాడు, ముసలాయన, కర్ర ఉంటుంది" అన్నాను హిందీలో. చేపలు కోసే మలయాళీ కత్తి ఆపి నవ్వాడు. "ఐసే బహుత్ హై భాయ్. నామ్ క్యా హై?" అన్నాడు. మూడుసార్లు నా చెవులతో విన్న పేరు. ఒక్క అక్షరం గుర్తులేదు. మసీదు దగ్గర అడిగాను, పడవల దగ్గర అడిగాను. అందరూ అడిగింది పేరే.

ఆగస్టులో చాచా ఆ గేటు దగ్గరే కుప్పకూలాడు. గుండె ఆగిందన్నారు. ఇక్కడే మట్టి చేశారు. నాకు తెలిసేసరికి ఐదు రోజులైంది.

నెల తర్వాత హైదరాబాద్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. నా నంబరు తండ్రి ఇచ్చి ఉంచాడట. "అన్నా, అబ్బా ఓసారి ఫోన్ చేసి మస్తు ఖుషీగ చెప్పిండు, ఇయ్యాల కుడి చెయ్యి లేపిన బిడ్డా అని. ఏందో మాకు సమజ్ కాలే. డ్రైవర్ తాన మొత్తం వీడియో ఉన్నది, అడుగుండ్రి అన్నడు. నెట్ల ఉన్నదాంట్ల చేతులు కనిపిస్తలేవు. పిల్లలకు చూపిద్దమని."

ఆమెకు అబద్ధం చెప్పలేదు. తీసేశానని, నలభై సెకన్లే మిగిలాయని చెప్పాను.

"అబ్బాకు చెప్పినవా గిది?" అంది.

"లేదమ్మా. ఉందనే చెప్పినా."

"మంచిగైంది తీ" అంది. ఇంకో మాట కూడా అంది. "ఏమన్న రాస్తె అబ్బా పేరు రాయకు అన్నా. మళ్ల కామెంట్లు పెడ్తరు." అందుకే రాయలేదు.

పోయిన ఆదివారం బురుజు దగ్గర బండి ఆపాను. కొత్త కాపలాదారు గేటు పక్కన నీడలో ఫోన్ చూసుకుంటున్నాడు. పద్నాలుగు మందినీ గోడ దగ్గర ఎత్తు ప్రకారం నిలబెట్టాను. ఈమధ్య అలాగే చేస్తున్నాను. ఫ్లాస్కులోంచి సులేమానీ పోసుకొని తాగాను. చాచా అంత నింపాదిగా నాకు చేతకాదు. పోర్చుగీసు ఓడల సంగతి చెప్పాను. తొడలో గుండుతో మూడో మెట్టు మీద కూర్చున్న నల్ల సిపాయి సంగతి చెప్పాను. చెబుతూ కుడి చెయ్యి లేపాను. నా చెవులతో విన్నానుగా!

కాకినాడ టీచరమ్మ బోర్డంతా చదివి వచ్చింది. "ఇందులో ఎక్కడా లేదే అండీ. ఎవరు చెప్పారు మీకు?"

"ఈ ఊరి పెద్దాయన చెప్పినాడమ్మా. సిపాయి ఆయన తాతకు తండ్రి. నా ఎదురుగానే చెప్పినాడు."

ఆవిడ సంచిలోంచి చిన్న పుస్తకం, పెన్ను తీసింది. "ఎంత మంచి విషయం! రాసుకుంటాను. పేరేమిటండీ?"

చెయ్యి అలాగే గాల్లో ఉంది. అందరూ చూస్తున్నారు. నేను ఆ చెయ్యి దించి, ఎడమ చెయ్యి లేపాను.

"అంటే?" అంది టీచరమ్మ.

"అంటే నా అందాజ అమ్మా. రాసుకోవద్దు" అన్నాను.